దేవుడికి దిష్టి

ప్రళయం లోకాన్ని బండకేసి ఉతికి, ఆరేయడం మరిచి వెళ్ళిపోయిన కాలంలో భూమ్మీద ఒక్క మంచినీళ్ళ ఊటే మిగిలింది. స్వర్గం నుంచి కిందపడ్డ కాంతిసేనుడు దాని పక్కనే గద్దె వేసుకుని కూర్చున్నాడు.

"దేవుణ్ణి! రెప్ప కూడా వెయ్యను. మేకనిస్తేనే నీళ్ళు" అనేవాడు. దేవుడంటే హడలిపోయే బండకాలుడు, తాటిచెట్టును పళ్ళపుల్లలా నమిలే రాక్షసుడు, అతనికి కాపలా.

ముసలి గురివి దగ్గరున్న మేకలన్నీ అయిపోయాయి. మనవరాలి నాలుక అప్పడంలా ఎండింది. అయితే దేవుడు మాటిమాటికీ మొహం పక్కకు తిప్పుకోవడం ఆమె కనిపెట్టింది.

నిప్పుల మూకుడుతో వచ్చి, "ఇంత అందగాడివి సామీ, దిష్టి తగిలుంటుంది. తీసేయనా?" అంది.

కాంతిసేనుడు పొంగిపోయి, "కానియ్" అన్నాడు.

గురివి ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి నిప్పుల్లో పడేసింది. ఆ ఘాటుకు ఏడు కొండలవతల పాములు దగ్గాయి. దేవుడు టపటపా రెప్పలు కొట్టి, తుమ్మి, గద్దెమీంచి బురదలో పడ్డాడు.

"ఓరి నీ! నువ్వూ మాలాంటోడివేనా?" అని బండకాలుడు కాలెత్తాడు.

గురివి అడ్డం నిలబడింది. "ఆగరా నాయనా, పడ్డవాణ్ణి తొక్కుతారా?"

కాంతిసేనుడు వెక్కాడు. "పైనుంచి తోసేశారమ్మా. దేవుణ్ణి కానంటే మీరూ తరిమేస్తారని..."

"ఘాటు తగిలిందిగా, నీకు దిష్టి లేదులే. లేచి కడవెత్తు, పిల్లకి దాహం."

స్వర్గంవాడు కడవ మోశాడు. రాక్షసుడు తుమ్ముతూ వెంట నడిచాడు. ఆ తుమ్ములను ఉరుములనుకుని మబ్బులు కూడా వచ్చాయి మరి!