ఊసరవెల్లికి కట్టిన అడవి

అనగనగా అంటే, మీ తాతకి తాత పుట్టకముందు, ఒక ఊళ్ళో ఒక రాజు. మంచివాడే పాపం, కాకపోతే అన్నీ తనకే తెలుసనుకునే రకం. ఆయనొక ఊసరవెల్లిని పెంచుకున్నాడు. ఒరేయ్ వాసూ, నవ్వకు. రాజుల సరదాలు అలాగే ఉంటాయి.

పంజరంలో పెడితే దిగులు పడుతుందని, పెరటి వసారాలో దానికో అడవే కట్టించాడు. టేకు చట్రానికి సన్నటి ఇత్తడి తీగల వల కొట్టించాడు. లోపలికి అడవి మట్టి తెచ్చారా, తెచ్చారు. మట్టిలో తంగేడు నాటారా, నాటారు. తంగేడు మీదికి తీగ పాకించారా, పాకించారు. తీగ మీదికి మిడతల్ని వదిలారా, వదిలారు. దాహం వేస్తుందని వెండి గిన్నెలో నీళ్ళు కూడా పెట్టారు. ఊ కొడుతున్నారా?

ఆ రాజుకో కోడలు, కొండమ్మ. మేకలు కాసుకునే వాళ్ళింటి పిల్ల. ఆ అడవి కట్టేటప్పుడు ఏదో చెప్పబోతే, మేకల వెనక తిరిగినదానివి నీకేం తెలుసులే అని మామగారు నలుగురిలో నవ్వేశాడు. ఆ పిల్లకి ఒళ్ళు మండింది. చూద్దాం ఈయన తెలివి, అని మూతి బిగించుకు కూర్చుంది.

ఇంతకీ చెప్పబోయింది ఏంటో తెలుసా? ఊసరవెల్లి గిన్నెలో నీళ్ళు తాగదర్రా! ఆకు మీద మంచుబొట్టో వానచుక్కో మెరిస్తేనే అవి నీళ్ళని దానికి తెలుస్తుంది, నాకుతుంది. వసారా కప్పు కింద మంచెక్కడిది, వానెక్కడిది?

ఒకరోజైంది, రెండ్రోజులైంది, వారమైంది. పచ్చగా ఉన్నది కాస్తా నల్లబడింది. ఆహా, నాకోసం రంగు మార్చిందని రాజు చప్పట్లు కొట్టాడు. కళ్ళు లోపలికి పోయాయి. నిద్రపోతోంది, గోల చెయ్యకండన్నాడు. కొండమ్మ అన్నీ చూస్తూనే ఉంది. అడిగితే చెబుదామనుకుంది. ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

ఎనిమిదోనాడు అది కొమ్మ మీంచి జారి కిందపడింది. అప్పుడు పరిగెత్తింది కొండమ్మ. ఆకుల మీద నీళ్ళు చిలకరించి, దాన్ని ఎత్తి ఆకు దగ్గర పట్టుకుంది. అది నాలుక చాపి ఒక చుక్క అందుకుంది. రెండోది అందుకోలేదు.

రాజు ఏడ్చాడు. "నీకు ముందే తెలుసా అమ్మా?" అన్నాడు.

"తెలుసు మామగారూ," అంది.

ఆయన నాలుగు తిట్టినా బావుండేదని ఆ పిల్ల ముసలిదయ్యేదాకా అనుకుంటూనే ఉంది.

తర్వాత అందరూ సుఖంగానే ఉన్నారు, కాదనను. రాజు ఏ పని మొదలెట్టినా ముందు కోడల్ని అడిగేవాడు. అయితే ఏం లాభం? అలగండర్రా, అన్నం మానండి, మూతి ముడుచుకోండి, నేనేమీ అనను. ఒక ప్రాణం పోతుంటే మాత్రం అడగలేదని ఊరుకోకండి. మీ కోపం రేపటిదాకా ఆగుతుంది, దాని దాహం ఆగదు.

కథ కంచి దారి పట్టింది. మీరిక దుప్పట్లు కప్పుకోండి.