ముందు కొన్నవాళ్ళ ముచ్చట

విలాసపురంలో మణిగుప్తుడనే వర్తకుడు ఏనుగులాట అనే కొత్త ఆటపలకను పది వెండికాసులకు అమ్మాడు. చాపలల్లే నూకాలు మనవరాలి పోరు పడలేక పాడిమేకను అమ్మి మరీ కొంది. నెల తిరక్కుండానే అదే పలక రెండు కాసులకు దిగింది.

"అయ్యా, ఆ ఎనిమిదీ ఇప్పించండి. మేకను తెచ్చుకుంటాను," అంది నూకాలు.

"భలేదానివే! అందరికంటే ముందు ఆడుకుంది కదా నీ మనవరాలు? ఆ ముచ్చటకే ఎనిమిది కాసులు," అన్నాడు మణిగుప్తుడు.

నూకాలు ఆ మాటను ఊరంతా చెప్పింది.

కొన్నాళ్ళకు గుర్రాలాట వచ్చింది. అదీ పది కాసులే. అంగడి ముందు జనం కిటకిటలాడారు గానీ, ఒక్కరూ గడప ఎక్కలేదు.

"మీరు ముందు, వదినా!"

"అబ్బే, పెద్దవారు మీరుండగానా, వదినా!"

వర్తకుడు కంగారుపడి ధర సగానికి తగ్గించాడు.

"చూశారా, అప్పుడే దిగుతోంది!" అంటూ జనం ఇంకాస్త వెనక్కి జరిగారు. గమనించారా, ధర తగ్గిన కొద్దీ అనుమానం పెరిగింది.

"నూకాలూ, నువ్వైనా చెప్పవే! ఇక తగ్గించనని ఒట్టు వేస్తాను."

"ఒట్టునెవరు నమ్ముతారయ్యా? ముందు కొంటే నష్టం లేదని జనం కళ్ళారా చూడాలి. ఏనుగులాట ముందు కొన్నవాళ్ళం ఇక్కడే ఉన్నాం."

మణిగుప్తుడు పళ్ళు నూరుతూ వాళ్ళందరికీ ఎనిమిదేసి కాసులు తిరిగిచ్చాడు. నూకాలు తన కాసులను రాతిమీద మోగించి చూసుకుని, కొంగున ముడివేసి బయలుదేరింది.

"మరి గుర్రాలాట కొనవా?"

"తొందరేముందయ్యా? ముందు కొన్నా వెనక కొన్నా ఒకటేనని ఇప్పుడు మీరే రుజువు చేశారుగా!"