ఎడమచేతి బెల్లం: డేగలబండ నరసింహస్వామి కథ

డేగలబండకు నూట ఎనభై మెట్లు. తొలిసారి పైకి చేరిన భక్తులు అలవాటు చొప్పున కుడి అరచెయ్యి చాపుతారు. అర్చకులు బెల్లం పెట్టరు. "ఎడమ చెయ్యి, పిడికిలి బిగించి" అంటారు. కొత్తవారు తెల్లబోతారు, కొందరు పెద్దలు కోప్పడతారు కూడా. నాయనలారా, అర్చకులతో వాదానికి దిగకండి. ఈ నాలుగు ముక్కలు చదివి అప్పుడు మాట్లాడండి.

పూర్వం ఈ గుట్ట కింద ఎర్రమనాయుడనే పాలెగాడి కోట ఉండేది. ఆయన వేటడేగలను సాకే బోయ కదిరప్ప చేతి మీది నుండి ఒకనాడు దొర ముద్దుల డేగ తోలుపట్టీ తెంచుకుని పారిపోయింది. డేగ వాలేది ఎడమ పిడికిలి మీద. "పిట్టను నిలుపుకోలేని చెయ్యి ఉండీ దండగే" అని నాయుడు మండిపడి కదిరప్పను చెరసాల కొట్టులో వేయించాడు. మూడు నెలల్లో మరో డేగ తయారై, దారం లేకుండా వదిలినా పిడికిలికి తిరిగిరావాలి. లేకుంటే ఆ చెయ్యి నరికిస్తానన్నాడు.

కదిరప్ప భార్య ఓబుళమ్మ అంతవరకు కోడిపెట్టను తప్ప మరో పిట్టను పట్టి ఎరుగదు. అయినా "నేను తయారు చేస్తా దొరా" అంది. కూడు తీసుకుపోయినప్పుడల్లా భర్త కొట్టు కిటికీలోంచి చెప్పేవాడు. "గూటిలో పిల్లను తేవద్దు ఓబుళూ. నిన్నే తల్లనుకుని పొద్దస్తమానం కూటికి అరుస్తాది, వేటాడదు. సొంతంగా వేట నేర్చిన, ఏడాది నిండని పిట్టను వలేసి పట్టు. ఆడదాన్నే ఎంచుకో, మగదానికన్నా అదే పెద్దది."

ఆమె అట్లాగే పట్టింది. కళ్లకు తోలు కుళ్లాయి తొడిగి పది దినాలు పిడికిలి మీద మోసింది. చేతి మీద అది మొదటిసారి మాంసం ముట్టిన నాడు ఆమె ఏడ్చేసింది. తరువాత కాలికి దారం కట్టి, మూర దూరం నుండి పది బారల దాకా పెంచుతూ పిలిచింది. పిలిచిన ప్రతిసారీ వచ్చింది.

గడువు నాటి ఉదయం ఒక పొరపాటు జరిగిపోయింది. "ఈ పొద్దు అంత పనుందే, ఖాళీ కడుపుతో ఎట్లా చేస్తాది పాపం" అని ఓబుళమ్మ డేగకు ఒక కౌజుపిట్టను పూర్తిగా తినిపించింది. డేగను చేతికి తెచ్చేది ఆకలేనని కదిరప్ప ఆమెకు చెప్పనే లేదు. తనకు పుట్టినప్పటి నుండి తెలిసింది లోకమంతటికీ తెలుసనుకున్నాడు మహానుభావుడు!

దొర ముందర దారం విప్పగానే డేగ పోయి గుట్ట మీది బండపై కూర్చుంది. ఓబుళమ్మ ఈల వేసింది, బతిమాలింది, చివరికి "నీ జిమ్మడ" అని తిట్టింది. అది కదలలేదు. "పొద్దు గుంకేదాకా చూస్తా" అన్నాడు నాయుడు. కత్తి పట్టినవాడు, కొట్టులోంచి తెచ్చిన కదిరప్ప పక్కనే నిలబడ్డాడు.

గుట్టెక్కి సొమ్మసిల్లిన ఓబుళమ్మకు కునుకులో సింహముఖంతో స్వామి కనిపించాడు. "ఎందుకమ్మా అంత గోల? కడుపు నిండినవాళ్లు ఎవరి మాటా వినరు. చెయ్యి చాపి ఊరుకో" అన్నాడు.

ఆమె లేచి, పిడికిలి మీద మాంసం ముక్క పెట్టుకుని, నోరు మెదపక కూర్చుంది. ఎడమ చెయ్యి వాలిపోకుండా కుడి చేత్తో ఆసరా పట్టింది. పొద్దు బారెడు దిగింది. గుంకడానికి ఇంకా జానెడుందనగా డేగ రెక్క విప్పి, నేరుగా వచ్చి పిడికిలి మీద వాలింది. ఓబుళమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కింది నుండి చూసిన నాయుడు కత్తివాణ్ణి వెనక్కి పొమ్మన్నాడు.

కదిరప్ప గుట్ట మీదికి పరుగెత్తాడు. పొద్దుటి నుండి ఆమె పచ్చి మంచినీళ్లు ముట్టలేదని తెలిసి, మొలలోని బెల్లం తీసి నోటికి అందించాడు. తొందరలో ఎడమ చెయ్యి చాపాడు. వెంట వచ్చినవాళ్లు "అయ్యయ్యో, ఎడమచేత్తోనా!" అన్నారు. "ఈ చేతి కోసమే గదా పొద్దంతా కూసున్నా. ఇట్లియ్యి" అంది ఓబుళమ్మ.

మరునాడు డేగ కూర్చున్న బండ మీది రెట్టలు కడగగా స్వామి ముఖం బయటపడింది.

ఇప్పటికీ ఇక్కడికి పరగడుపున వస్తారు. చివరి పది మెట్ల మీద గోవింద కొట్టరు, మాట్లాడరు, పిడికిలి చాపి నిలబడతారు. కోర్టు తీర్పు కోసం, ఆసుపత్రి కబురు కోసం వేగిపోతున్నవారికి గుండె నిబ్బరం దొరుకుతుందని పెద్దల మాట. ఒక్క సంగతి మరవకండి. ఆ బెల్లం మీకు కాదు. మీ కోసం పస్తుండి ఎదురుచూసిన వారి నోట్లో, ఆ ఎడమచేత్తోనే పెట్టండి.