పీచయ్య తెచ్చిన మూడు కొత్త ఏర్పాట్లు

అనగనగా రెండు వాగుల నడుమ ఒక అడవి ఉండేది. ఒకవైపు కొండ, మూడువైపులా బీళ్లు. ఎండాకాలం కొండ మీద నుంచి మంటలు దిగేవి. వానాకాలం వాగులు పొంగేవి. ఎక్కడ ఏం జరిగిందో రెండోవైపు వాళ్లకు తెలిసేసరికి ఆలస్యమైపోయేది.

అందుకని జంతువులన్నీ కలిసి ఒక పని చేశాయి. అడవి నలుమూలలా ఆరు చోట్ల కాపలా పెట్టుకున్నాయి. ఆరు చోట్ల నుంచీ పొడవైన తీగలు లాక్కొచ్చి, అడవి మధ్యలో ఉన్న మద్దిచెట్టుకు చేర్చాయి. అక్కడ ఎండిన సొరబుర్రలో గులకరాళ్లు పోసి వేలాడగట్టాయి. ఎవరికి ఆపద కనబడితే వాళ్లు తీగ లాగాలి. బుర్ర గలగలమంటే అందరూ సాయానికి పరుగెత్తాలి.

ఆ బుర్ర దగ్గర కూర్చునే పని భల్లయ్యది. భల్లయ్య ఎలుగుబంటి. ఒళ్లు పెద్దది, మనసు మంచిది. కూర్చున్న చోటి నుంచి కదలకుండా ఎంతసేపైనా ఉండగలడు. కాపలాకు అంతకంటే ఏం కావాలని అందరూ ఆయన్నే ఒప్పించారు.

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. ఆరు తీగలకూ బుర్ర ఒక్కటే. అది మోగిందంటే ఎక్కడో ఏదో జరిగిందని తెలిసేది కానీ, ఎక్కడో తెలిసేది కాదు. ఒక ఎండాకాలం బుర్ర మోగితే అందరూ వాగువైపు పరుగెత్తారు. మంట లేచింది కొండ గండి దగ్గర. వాళ్లు వెనక్కి తిరిగి వచ్చేసరికి కుందేళ్ల పొదలన్నీ కాలిపోయాయి. ప్రాణాలు మాత్రం దక్కాయి.

ఆ సంగతి పీచయ్య చెవిన పడింది. పీచయ్య గిజిగాడు పిట్ట. ఎప్పుడు చూసినా ముక్కున ఒక పీచు పోగు ఉండేది, అందుకే ఆ పేరు. గూళ్లు అల్లడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. పదిరోజులు ఆలోచించి భల్లయ్య దగ్గరకు వచ్చాడు. మూడు కొత్త ఏర్పాట్లు చేసిపెడతానన్నాడు.

మొదటిది, ఒక్కో తీగకు ఒక్కో చప్పుడు. కొండ గండి తీగకు సొరబుర్ర, బీడు తీగకు ఎండిన చింతగింజలు, వాగు మలుపు తీగకు నత్తగుల్లలు. ఇలా ఆరింటికీ ఆరు. కళ్లు మూసుకున్నా ఎక్కడ మోగిందో తెలిసిపోతుంది.

రెండోది, చెట్టు మాను మీద ఒక చిన్న అల్లిక. అందులో అడవి అంతా ఉంటుంది. ఒక్కో తీగ కొసన ఒక ఈక నిలబడి ఉంటుంది. దారిలో ఎక్కడ తీగ తెగినా ఇక్కడ బిగువు తగ్గి ఆ ఈక వాలిపోతుంది. పిల్లలూ, ఫోన్ల ఆఫీసులో నేను డ్యూటీ చేసే గదిలో గోడంత తెర ఉంటుంది, ఏ ఊరి ఫోను లైను పోయినా అందులో ఎర్రగా కనబడుతుంది, అలాంటిదే అనుకోండి.

భల్లయ్యకు రెండూ ఎంతో నచ్చాయి. మూడోది ఏమిటని అడిగాడు.

"రోజూ పొద్దున్నే కాపలావాళ్లు ఆరుగురూ తీగ ఒక్కసారి లాగాలి మామా. నువ్వు తిరిగి ఒక్కసారి లాగాలి. బాగున్నాం అని వాళ్లు చెప్పినట్టు, విన్నాను అని నువ్వు చెప్పినట్టు. ఆపద వస్తే మాత్రం మూడుసార్లు లాగాలి. పొద్దున ఎవరి తీగ అయినా కదలకపోతే ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి" అన్నాడు పీచయ్య.

భల్లయ్య మూతి ముడిచాడు. పొద్దుపొద్దున్నే తేనెపట్టులు వెతుక్కోవడం ఆయనకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ వేళలో చెట్టు కింద కూర్చోవాలంటే ప్రాణం ఒప్పలేదు. ఆ మాట పైకి అనలేక వేరే మాట అన్నాడు.

"ఆపద వస్తే వాళ్లే లాగుతారు. ఏ ఆపదా లేనప్పుడు లాగడం దేనికయ్యా? మొదటి రెండూ చెయ్యి, చాలు."

పీచయ్య ఒకటికి రెండుసార్లు చెప్పి చూశాడు. పెద్దవాడితో వాదించడం ఇష్టంలేక ఊరుకున్నాడు. వారం తిరక్కుండా రెండు ఏర్పాట్లూ పూర్తిచేసి ఇచ్చాడు.

అవి ఎంత బాగా పనిచేశాయో. ఒకరోజు చింతగింజలు గలగలమన్నాయి. అందరూ నేరుగా బీడువైపు పరుగెత్తి, రాజుకుంటున్న మంటను పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేశారు. ఇంకోరోజు ఒక ఈక వాలిపోయింది. వెళ్లి చూస్తే ఏనుగుల మంద దారిలో తీగను తెంపేసింది. ఆ పూటే ముడివేశారు. భల్లయ్యకు గర్వంగా ఉండేది. వచ్చినవాళ్లందరికీ అల్లిక చూపించి, ఏ ఈక ఎవరిదో ఓపిగ్గా చెప్పేవాడు.

వానాకాలం వచ్చింది. వాగు మలుపు దగ్గర కాపలా ముసలి ముళ్లపందిది. పేరు సూదయ్య. ఒంటరివాడు. మాట తక్కువ. మూడేళ్లుగా దుంపల కోసం తప్ప ఆ మలుపు విడిచి ఎక్కడికీ వెళ్లలేదు.

ఒకరోజు పెద్ద వానకు ఒడ్డు మెత్తబడి, గట్టు మీది నేరేడు చెట్టు వేళ్లతో సహా కూలింది. దాని కొమ్మ సూదయ్య నడుం మీద పడింది. చెట్టు వాగుకు అడ్డంగా పడిపోయింది. తీగ మాత్రం తెగలేదు. సూదయ్యకు రెండడుగుల దూరంలో అలాగే బిగువుగా ఉంది. చెయ్యి చాపితే అందలేదు. అరిస్తే వాన హోరులో ఎవరికీ వినబడలేదు.

మద్దిచెట్టు మీద వాగు మలుపు ఈక నిటారుగానే నిలబడి ఉంది.

మర్నాడు కుందేలు వచ్చి, సూదయ్య ఎలా ఉన్నాడని అడిగింది. భల్లయ్య ఈక వైపు చూపించి నిశ్చింతగా వెళ్లమన్నాడు. ఆ మర్నాడు లేడి వచ్చి, దుంపల కోసం రోజూ వచ్చే సూదయ్య రెండు రోజులుగా కనబడలేదని చెప్పింది. భల్లయ్య మళ్లీ ఈకనే చూపించాడు. లేడి ఆ ఈకను చూసి సమాధానపడి వెళ్లిపోయింది.

మూడోరోజు పీచయ్య వచ్చాడు, వానకు నానిన ముడులు సరిచేయడానికి. వాగు మలుపు తీగ పట్టుకుని చూసి, సూదయ్య కబురేమిటని అడిగాడు. భల్లయ్య మూడోసారి కూడా ఈక వైపు చెయ్యి చూపించాడు.

పీచయ్య తీగ వదిలి భల్లయ్య వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆ ఈక తీగ బాగుందని చెబుతుంది మామా. సూదయ్య బాగున్నాడని చెప్పదు."

ఆ అల్లిక అల్లిన పీచయ్యకు అది తెలుసు. రోజూ దాని ముందు కూర్చునే భల్లయ్యకు తెలియలేదు. లేచి పరుగు అందుకున్నాడు. అంత పెద్ద ఒళ్లు అంత వేగంగా కదలడం అడవిలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. పీచయ్య మిగిలినవాళ్లను పిలుస్తూ ముందు ఎగిరాడు.

వెళ్లేసరికి కూలిన చెట్టు వెనక నీళ్లు నిలిచి, సూదయ్య మెడదాకా వచ్చాయి. ఇంకో పూట ఆగితే అవి గట్టు దాటి కుందేళ్ల కొత్త పొదల మీద పడేవి. భల్లయ్య నీళ్లలోకి దిగి, కొమ్మ కింద భుజం పెట్టి ఎత్తాడు. లేడి, కుందేళ్లు కలిసి సూదయ్యను బయటికి లాగాయి. తర్వాత అందరూ కలిసి చెట్టును ఒడ్డుకు ఈడ్చారు. ఆగిన నీళ్లు ఒక్కసారిగా కిందికి పారిపోయాయి.

సూదయ్యను ఎండ తగిలే బండ మీద పడుకోబెట్టారు. భల్లయ్య ఆయన పక్కనే తలవంచుకుని కూర్చున్నాడు.

"తీగ కనబడుతూనే ఉంది తమ్ముడూ. అందలేదు" అన్నాడు సూదయ్య.

ఎవరైనా తిడితే భల్లయ్యకు కొంచెం తేలికగా ఉండేదేమో. ఎవరూ తిట్టలేదు. అప్పుడు తానే అందరికీ జరిగింది చెప్పాడు. పీచయ్య మూడో ఏర్పాటు గురించి ముందే చెప్పాడనీ, తేనె కోసం తానే వద్దన్నాననీ, పైకి వేరే కారణం చెప్పాననీ దాచకుండా ఒప్పుకున్నాడు. ఆ మాటలు చెప్పడం చెట్టు ఎత్తడం కంటే కష్టమైంది ఆయనకు.

సూదయ్య నడుం కుదుటపడడానికి నెల పట్టింది. ఆ నెలంతా ఆయన మకాం మద్దిచెట్టు కిందే. దుంపలు తవ్వి తెచ్చిపెట్టింది భల్లయ్యే. వాళ్లిద్దరికీ అప్పుడే మంచి స్నేహం కుదిరింది.

మూడో ఏర్పాటు సూదయ్యను కాపాడిన మర్నాటి నుంచే మొదలైంది. మొదట్లో కొందరు పొద్దున్నే ఈ పని ఏమిటని సణిగారు. రెండు వారాలకు అలవాటైంది. తర్వాత తర్వాత అది లేకపోతే రోజు మొదలైనట్టే ఉండేది కాదు వాళ్లకు. ఒకరి తర్వాత ఒకరు తీగ లాగేవారు. భల్లయ్య ఒక్కొక్కరికీ తిరిగి లాగేవాడు. తేనె మధ్యాహ్నం కూడా దొరుకుతుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఏడాది గడిచింది. ఒక పొద్దున ఐదు తీగలు కదిలాయి. కొండ గండి తీగ కదల్లేదు. అక్కడ కాపలా లేడిది. భల్లయ్య ఇంకెవరినీ పంపలేదు. తానే ఆయాసపడుతూ కొండ ఎక్కాడు.

లేడి గడ్డిలో పడుకుని ఉంది. దాని పక్కన అప్పుడే పుట్టిన చిన్న కూన, నిలబడబోయి పడుతూ, మళ్లీ లేస్తూ ఉంది. తీగ లాగడం మరిచిపోయాననీ, భల్లయ్యను అనవసరంగా అంత దూరం నడిపించాననీ లేడి నొచ్చుకుంది. భల్లయ్య ఆ మాట వినిపించుకునే స్థితిలో లేడు. కూన నాలుగు కాళ్ల మీద నిలబడేదాకా అక్కడే కూర్చుండిపోయాడు.

కిందికి దిగేసరికి పొద్దెక్కింది. మద్దిచెట్టు దగ్గర అందరూ కంగారుగా చేరి ఉన్నారు. ఏం జరిగిందని అడిగారు. లేడి క్షేమంగా ఉందనీ, కూన పుట్టిందనీ భల్లయ్య చెప్పాడు. ఆ కబురు చెబుతుంటే ఆయనకే ఎంతో బాగా అనిపించి, ఎవరూ అడక్కుండానే ఇంకోసారి మొదటి నుంచి చెప్పాడు.

నీతి: కబురు రాలేదు కాబట్టి అంతా బాగుందని అనుకోకూడదు, మనవాళ్లు ఎలా ఉన్నారో మనమే అడిగి తెలుసుకోవాలి.