శబ్దకేసరి తోడిన బిందె

వేములదుర్గం రాజు మాధవభూపతికి స్నానం చేస్తుండగా ఓ వింత ఆలోచన పుట్టింది. "చెంబు ముంచుతాం. ఏరు ఊరిని ముంచుతుంది. నమ్మినవాణ్ణి నేస్తమే ముంచుతాడు. ఒక్క ముంచడంలో ఎన్ని సంగతులు! అన్నీ విడమరిచి చెప్పినవాడికి బంగారు కడియం!" అని ఆ పూటే చాటింపు వేయించాడు.

ఆస్థాన పండితుడు సూరావధాని ఊరుకుంటాడా? 'శబ్దకేసరి' అని తనకు తానే బిరుదు పెట్టుకున్న మనిషాయె. వారం తిరక్కుండా నలభై తాటాకులు నింపుకొచ్చాడు. గారెను పెరుగులో ముంచడం, బట్టను రంగులో ముంచడం, ముంచుకొచ్చే ఆపద, ప్రేమతో ముంచెత్తడం... ఒక్కోటీ రాగం తీసి చదివాడు. సగం సభ కునికిపాట్లు పడింది.

ఇరవయ్యో ఆకు దగ్గర, "నూతిలోకి దించిన బిందె తనంతట తానే మునిగి నిండును" అని చదివాడు.

తలుపు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారి స్నానానికి నీళ్లు తోడే కోనయ్య!

అవధాని ముఖం కందగడ్డ అయింది. "నీళ్లు మోసేవాడు నన్ను చూసి నవ్వడమా! వీణ్ణి కొలువు మాన్పించి ఊరు దాటించండి ప్రభూ. లేదంటే నేనే పొరుగు రాజు దగ్గరికి పోతాను."

పండితుడు అలిగిపోతే రాజ్యానికి నామర్దా. "తప్పు చేశావురా కోనయ్యా, వెళ్లిపో" అన్నాడు రాజు నసుగుతూ.

కోనయ్యకు పూట గడిచేది ఆ కొలువుతోనే. ఇంట్లో నలుగురు పిల్లలు. అయినా తేరుకుని చేతులు జోడించాడు.

"పోతాను ఏలినవారూ. కానీ ఇంతటి పెద్దాయన్ని చూసి నవ్విన పాపంతో ఎలా పోను? అవధానిగారు ఎవరి సాయమూ లేకుండా, తమ చేత్తో ఒక్క బిందెడు నీళ్లు తోడి నా నెత్తిన పోస్తే చాలు. తడిబట్టలతోనే ఊరు దాటేస్తాను."

"ఓస్, అంతేనా!" అన్నాడు అవధాని.

రాజు సరేనన్నాడు. సభంతా పెరటి నూతి చుట్టూ మూగింది.

అవధాని పైపంచ నడుముకు బిగించి, బిందెను మెల్లగా, మర్యాదగా దించాడు. అది నీళ్ల మీద నిటారుగా కూర్చుంది. చేంతాడు పైకి లాగాడు. ఖాళీ. మళ్లీ దించాడు. మళ్లీ ఖాళీ. "మునగవేమే!" అని నూతిలోకి వంగి గద్దించాడు. ఎండ నడినెత్తికొచ్చింది, అరచేతులు బొబ్బలెక్కాయి. బిందె మాత్రం బాతులా తేలుతూనే ఉంది.

"ఏమైందయ్యా అవధానీ?" అన్నాడు రాజు.

"ఈ బిందెలోనే ఏదో లోపముంది ప్రభూ!"

కోనయ్య వినయంగా తల వంచాడు.

"లోపమేం లేదు ఏలినవారూ. పొద్దుటి నుంచీ ఇన్నేసి అర్థాలు విన్నది కదా, వాటిలో ఏది చెయ్యాలో తోచక అలా కూర్చుంది!"

రాజు పగలబడి నవ్వాడు. "నువ్వు ముంచి చూపించరా!"

కోనయ్య చేంతాడును ఒక్క జాడింపు జాడించాడు. బిందె పక్కకు ఒరిగి, బుడబుడమని నిండింది. పైకి లాగి గట్టున పెట్టాడు.

రాజు కడియం తీసి అతని చేతికి తొడిగాడు. "నీ కొలువు నీదే. మరి ఈ నీళ్లు ఎవరి నెత్తిన పోద్దాం?"

"అవధానిగారు పాపం ఎండలో చెమటోడ్చారండి" అన్నాడు కోనయ్య, బిందె ఎత్తుతూ.

అవధాని తాటాకులు చంకన పెట్టుకుని పరుగందుకున్నాడు. నవ్వలేక సభంతా పొట్టలు పట్టుకుంది.