మంగత్త పుట్టమన్ను బొమ్మ

అనగనగా ఎర్రకొండల నడుమ ఒక అడవి ఉండేది. ఆ అడవిలో జంతువులన్నిటికీ ఫోన్లు ఉండేవి. ఎవరు కొనిచ్చారని మధ్యలో అడక్కండి, ముందు కథ వినండి. ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. నా గొంతు పెరిగితే భయపడకండి. అది మీ మీద కాదు.

ఆ జంతువులన్నీ కలిసి ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నాయి. దాని పేరు 'ఎర్రకొండ ముచ్చట్లు'. దాన్ని నడిపేది తిరుపాలు అనే కొండముచ్చు. నీళ్లు ఎక్కడున్నాయి, పులి ఎటు తిరుగుతోంది, ఏ చెట్టు పండ్లు మాగాయి, ఇవే అందులో కబుర్లు.

ఒకరోజు తిరుపాలు గ్రూపులో ఇలా రాశాడు: "మనలో ప్రతివాళ్లకీ బయటికి తెలియని సరదా ఏదో ఉంటుంది. సిగ్గుపడకుండా చూపించండి!"

మొదట ముళ్లపంది గంగులు ముందుకొచ్చాడు. ఒంటి మీది ముళ్లను గలగలలాడిస్తూ దరువు వేసి వీడియో పెట్టాడు. తర్వాత ఉడత చిట్టెమ్మ ఎండు కాయల డొప్పలతో తాను చేసిన బుల్లి బండ్లు చూపించింది. ఆ తర్వాత గుడ్లగూబ రంగనాయకులు తాను కట్టిన పొడుపుకథలు వినిపించాడు.

"ఇన్నాళ్లూ ఇవన్నీ ఎక్కడ దాచారర్రా!" అంటూ అడవి అంతా మురిసిపోయింది.

ఆలోచన తనది కాబట్టి తిరుపాలుకీ బోలెడు మెప్పు దక్కింది. అతనికి ఆ రుచి బాగా అలవాటైపోయింది. కానీ కొన్నాళ్లకు చూపించేవాళ్లు అయిపోయారు. గ్రూపు చప్పబడింది. తిరుపాలుకి ఏమీ తోచలేదు. ఇంకా ఎవరు మిగిలారని వెతికాడు. మంగత్త మిగిలింది.

మంగత్త ఒక ఎలుగుబంటి. కిందటి వానాకాలం వాగు పొంగినప్పుడు ఆమె కొడుకు చిన్నయ్య కొట్టుకుపోయాడు. తల్లి వీపెక్కి అడవంతా ఊరేగిన పిల్లాడు వాడు. ముళ్లకంపలో దూరి ఎడమ చెవి కొస చించుకున్నాడు. ఆ చెవి చూస్తే చాలు, ఎంత దూరం నుంచైనా వాణ్ని పోల్చుకునేవాళ్లు. వాడు పోయాక మంగత్త నలుగురిలోకి రావడం మానేసింది. గ్రూపులో పేరుండేది గానీ ఫోన్ తెరిచేదే కాదు.

తిరుపాలు ఆమె దగ్గరికి వెళ్లాడు. "అత్తా, నీకేం సరదా ఉందో చెప్పవా? గ్రూపులో అందరికీ చూపిద్దాం," అన్నాడు.

"ఏమీ లేదు నాయనా. పో," అంది మంగత్త.

మర్నాడు తేనెపట్టు పట్టుకుని వెళ్లాడు. "ఇది తిని చెప్పు అత్తా."

"ఉన్నా చూపించను. నీ తేనె నువ్వే తిను," అంది.

విన్నారా? చూపించను అని నోరు తెరిచి చెప్పింది. అక్కడితో ఆగిపోవాలి కదా! ఆగలేదు. మూడోరోజు దొంగలా ఆమె వెనకే వెళ్లాడు.

వాగు పక్కన పెద్ద బండ ఉంది. దాని చాటున మంగత్త కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో పుట్టమన్నుతో చేసిన ఎలుగుపిల్ల బొమ్మ ఉంది. బొమ్మంటే అలాంటిలాంటి బొమ్మ కాదు. గోటితో ఒక్కొక్క వెంట్రుకా గీసింది. మూతి మీద తెల్లటి మచ్చకు సుద్దమన్ను అద్దింది. ఎడమ చెవి కొస చిరిగి ఉంది.

మంగత్త దాన్ని ఊపుతూ, "ఇప్పపూలు రాలాయిరా చిన్నయ్యా, రేపు తెస్తాలే," అంటోంది.

తిరుపాలు ఆ చెవి చూశాడు. ఆ పేరు విన్నాడు. అంతా అర్థమైంది. అయినా ఫోన్ తీశాడు. ఆకుల చాటు నుంచి వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. కింద 'మంగత్త బొమ్మలాట చూడండోయ్' అని రాశాడు.

క్షణాల్లో నవ్వు బొమ్మలు వరదలా వచ్చి పడ్డాయి. "ఈ వయసులో బొమ్మలా!" అని జింక సుందరి రాసింది. నక్క వీరభద్రం ఆ వీడియోను పక్క అడవి గ్రూపుకి కూడా పంపాడు.

గంగులు ఒక్కడే చివరిదాకా చూశాడు. "ఒరేయ్, ఆ చెవి చూడండి! అది మన చిన్నయ్య. తిరుపాలూ, ముందు ఆ వీడియో తీసెయ్!" అని రాశాడు. ఆ మాట నవ్వుల మధ్య ఎటు పోయిందో పోయింది. తిరుపాలు దాన్ని చదివాడు. చదివి ఊరుకున్నాడు.

మర్నాడు మంగత్త మేతకు వెళ్లిన సమయం చూసి గుంపంతా బండ దగ్గరికి వెళ్లింది. దారి చూపించింది తిరుపాలే. "ఏదీ, నన్ను చూడనీ!" అని ఒకరు, "పక్కన నిలబడతా, ఫోటో తియ్యి!" అని ఇంకొకరు. బండ చాటున ఉన్న బొమ్మ చేతులు మారింది. జారి కిందపడింది. వెనకున్నవాళ్లు చూసుకోకుండా తొక్కేశారు.

అప్పుడే మంగత్త వచ్చింది. నోట్లో ఇప్పపూలున్నాయి. కింద నలిగిన మన్ను చూసింది. పూలు రాలిపోయాయి. ఆమె పెట్టిన కేకకు చెట్ల మీది పక్షులన్నీ లేచిపోయాయి.

"ఎవడ్రా? ఎవడు తెచ్చాడు వీళ్లని ఇక్కడికి?"

తిరుపాలు ముందుకొచ్చి, "నేనే అత్తా. నీ కళ నలుగురికీ తెలియాలని..." అన్నాడు.

"కళా? నా కొడుకురా వాడు! చూపించనని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి నీ చెవులేమయ్యాయి?"

సుందరి మెల్లగా, "నాకు తెలియదు పిన్నీ. నేను ఒక నవ్వు బొమ్మ పెట్టాను, అంతే," అంది.

"నేను పక్కవాళ్లకి పంపాను, అంతే," అన్నాడు వీరభద్రం.

"మేం చూడ్డానికి వచ్చాం, అంతే," అన్నారు మిగతావాళ్లు.

"అంతే! అంతే! అంతే!" మంగత్త బండ మీద పంజాతో కొట్టింది. రాయి పెచ్చులూడింది. "మీ అందరి 'అంతే'లూ కలిసి నా బిడ్డని తొక్కేశాయి! వాగు ఒకసారి తీసుకుపోయింది. రెండోసారి తీసుకుపోయింది మీరు. వాగుకి కళ్లు లేవు. మీకేమైంది?"

దీనికి వాళ్లు ఏం చెప్తారు? నేనైనా ఏం చెప్తాను?

మంగత్త ఆ మన్నంతా పోగుచేసి ఎత్తుకుంది. వాగు దాటి అవతలి ఒడ్డుకు వెళ్లిపోయింది.

ఆ రోజే గంగులు తన దరువు వీడియో తీసేశాడు. "ఇవాళ ఆమెది. రేపు నా ఇంట్లో దూరవని నమ్మకమేంటి?" అని తిరుపాలును కడిగిపారేశాడు. చిట్టెమ్మ తన బండ్లు తొర్రలో దాచేసింది. రంగనాయకులు పొడుపుకథలు కట్టినా ఎవరికీ వినిపించలేదు. గ్రూపులో మళ్లీ నీళ్ల కబుర్లు, పులి కబుర్లే మిగిలాయి.

తిరుపాలు వీడియో తీసేశాడు. కానీ పక్క అడవికి చేరింది ఎలా తీస్తాడు? అక్కడ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అతను అక్కడికి వెళ్లి ఒక్కొక్కరికీ జరిగింది చెప్పి, తీసెయ్యమని బతిమాలాడు. కొందరు తీశారు. కొందరు అతన్నే చూసి నవ్వారు. అప్పుడు తెలిసింది, ఆ నవ్వు ఎక్కడ గుచ్చుకుంటుందో.

తర్వాత దూరపు కొండ మీదికి వెళ్లి మెత్తటి పుట్టమన్ను తవ్వాడు. ఆకుదొన్నెలో పెట్టుకుని వాగు దాటాడు. మంగత్త వెనక్కి తిరిగి చూడలేదు.

"అత్తా, మన్ను తెచ్చాను. బొమ్మ నేను చెయ్యనా?"

"వాడి ముఖం నీకేం తెలుసు? చెయ్యి పెట్టకు."

తిరుపాలు దొన్నె కింద పెట్టాడు. "నన్ను క్షమించావా అత్తా?"

మంగత్త ఇటు తిరిగింది. దొన్నెలోంచి చిటికెడు మన్ను తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది.

"లేదు," అంది. "మన్ను మంచిదే. అక్కడే ఉంచి పో."

తిరుపాలు వాగు దాటి వచ్చేశాడు.

నీతి: ఒకరు దాచుకున్నదాన్ని బయటపెట్టే హక్కు వాళ్లకే ఉంటుంది. వద్దన్నాక తొంగి చూసినవాడిదే కాదు, చూసి నవ్వినవాళ్లదీ, పదిమందికి పంపినవాళ్లదీ తప్పే.