పోతులోజు మడతకత్తి

అనగనగా గరుడాద్రి అనే రాజ్యం. దాన్ని ఏలే గజకేసరి మహారాజుకు కోపం ముక్కు మీద ఉండేది, మీసం చెవుల దాకా ఉండేది. ఆయనకోసారి మంచి మడతకత్తి కావలసి వచ్చింది. పండు కోసుకోవాలన్నా, తాడు తెంపాలన్నా రోజూ మొలలో సిద్ధంగా ఉండాలట.

ముసలి కమ్మరి పోతులోజు జింకకొమ్ము పిడి వేసిన కత్తి తెచ్చాడు. పొరుగుదేశపు వర్తకుడొకడు బంగారు పిడికి కెంపులు పొదిగిన కత్తి తెచ్చాడు.

రాజు కొమ్ముపిడి కత్తిని రెండు వేళ్లతో ఎత్తి, "ఏమయ్యా, నన్ను మేకలు కాసుకోమంటావా?" అన్నాడు. కొలువంతా గొల్లున నవ్వింది. ఆస్థాన చమత్కారి సింగన్న కూడా నవ్వాడు.

"రాజుకు కొమ్ముపిడి కత్తా! నాకే ఇంత అవమానమా! రేపటితో నీ కొలిమి ఆర్పెయ్!" అన్నాడు రాజు. పోతులోజు కత్తి మడిచి వెళ్లిపోయాడు. ఆ కొలిమి తప్ప ఆయనకు వేరే బతుకు లేదు.

సింగన్నకు ఆ పూట ముద్ద దిగలేదు. "ఛీ, నేనూ నవ్వానే!" అని కుమిలిపోయాడు.

మర్నాడు ఆ ఏటి తొలి మామిడిపండు వచ్చింది. దాన్ని రాజే స్వయంగా కోసి పంచడం ఆ కొలువు ఆనవాయితీ. రాజు దర్జాగా కెంపుల కత్తి తీశాడు. అబ్బే, తెరుచుకోదే! గోరు విరిగాక తెరుచుకుంది. తీరా చూస్తే తొక్క మీద జారిపోతోంది. గట్టిగా నొక్కేసరికి టక్కున మడుచుకుని రాజుగారి వేలు కోసింది. ఎవరూ తలెత్తి చూడలేదు.

"ఎవరి దగ్గరైనా కత్తుందా?" అన్నాడు రాజు చిన్నబోయి.

సింగన్న మొలలోంచి ఓ కత్తి తీశాడు. జింకకొమ్ము పిడి! "మంత్రిగారూ, తమదీ తియ్యండి. సేనాపతిగారూ, దాస్తే దాగుతుందా?" అన్నాడు. ఒక్కొక్కరే తలొంచుకుని తీశారు. అన్నీ పోతులోజు చేసినవే.

"మరి నిన్న ఎందుకు నవ్వారయ్యా? మడతపేచీ పెట్టక చెప్పు!" అని రాజు గద్దించాడు.

"పేచీ లేదు ప్రభూ, ఉన్నదంతా మడతే. ఈ కత్తి అవసరానికి నిటారుగా నిలబడుతుంది, పనయ్యాకే మడుచుకుంటుంది. మేం సరిగ్గా అవసరానికే మడుచుకున్నాం. సిగ్గుతో చచ్చిపోతున్నాను" అన్నాడు సింగన్న.

రాజు పకపకా నవ్వాడు గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "మిమ్మల్ని నవ్వించింది నేనే కదా" అంటూ మెడలో హారం తీసి సింగన్నకు ఇవ్వబోయాడు.

"నవ్వినవాడికి బహుమానమా ప్రభూ? ముందు కొలిమి దగ్గరికి పదండి" అన్నాడు సింగన్న.

అక్కడ పోతులోజు సుత్తులు మూట కట్టుకుంటున్నాడు. "తప్పయింది పోతులోజూ. కొలిమి ఆర్పకు. నాకో కత్తి చేసిపెట్టు" అన్నాడు రాజు.

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. "పిడి చేతికి అమరాలి దొరా, కొలత కావాలి. చెయ్యి చాపండి."

రాజు గుడ్డ చుట్టిన చెయ్యి ముందుకు పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒకరి ముందు చెయ్యి చాపడం అదే మొదలు.